మొండి వల్లే

కొట్టువాడు ఆరో కత్తి తీసి అద్దాల బల్ల మీద పెట్టాడు. దాని పిడి గులాబీ రంగులో ఉంది. అది చాలదన్నట్టు పిడి మీద ఒక పువ్వు కూడా చెక్కి ఉంది.

"ఇది ఆడవాళ్ళ కోసమనే చేశారమ్మా. హ్యాండ్‌బ్యాగులో ఓ మూల పడుంటుంది. యాపిల్ కోసుకోవచ్చు, కవర్లు చింపుకోవచ్చు," అన్నాడు.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. కొట్లోకి వచ్చిన దగ్గర్నుంచీ మూడుసార్లు చెప్పింది, తనకు కావలసింది పని కత్తి అని. బస్సు సీట్లు బాగుచేసే షెడ్డులో ఆమెది కోత పని. చిరిగిన రెక్సిన్ ఒలిచెయ్యాలి, కుంగిపోయిన స్పాంజి చెక్కెయ్యాలి, సీటు అడుగున సాగిపోయిన మందపాటి పట్టీలు కోసి పారెయ్యాలి. పన్నెండేళ్ళ నుంచి చేస్తున్న పని. ఆ పన్నెండేళ్ళలో ఒక్క యాపిలూ కోయలేదు.

"బాబూ, నేను బస్సు సీటు కోస్తాను. బస్సు సీటు! మీ కొట్లో ఎవరైనా వినేవాళ్ళుంటే పిలవండి, వాళ్ళతో చెప్తాను," అంది.

కొట్టువాడు ఆమెను వదిలేసి, పక్కన స్టూలు మీద కూర్చున్న ఆమె మామగారి వైపు తిరిగాడు. అదొకటి. ఆమె అడిగిన ప్రతి ప్రశ్నకూ అతను ఆయనకే జవాబు చెబుతున్నాడు.

"పెద్దాయనా, కోడలుగారికి ఇంత కోపమైతే, చేతికి కత్తి ఇప్పించడం మీకు క్షేమమేనా?"

మామగారు ఫక్కున నవ్వేశారు. ఆయన నలభై ఏళ్ళు సెలూన్ నడిపిన మనిషి. ఎవరు జోకు వేసినా నవ్వడం ఆ కుర్చీ వెనక నిలబడి అలవాటు చేసుకున్నారు. కోడలి మొహం చూసి నవ్వు సగంలో మింగేశారు. ఇప్పుడు ఆయనకు చూపు మందగించింది, కానీ పదును సంగతి వేళ్ళకు తెలుసు. అందుకే వెంటబెట్టుకుని వచ్చింది.

నిజానికి ఆమె అడిగేది పెద్ద కోరికేం కాదు. మూడు నెలల కిందట షెడ్డులో కత్తి జారి, పిడి పట్టుకున్న ఆమె కుడిచెయ్యి ముందుకు పోయింది. బ్లేడు బొటనవేలి మొదట్లో దిగింది. లోపల నరం తెగింది. గాయం మానింది కానీ వేలు వంగడం మానేసింది. అది ఇప్పుడు కొయ్యముక్కలా నిటారుగా నిలబడి ఉంటుంది, ఎవరికో "భేష్" అని చూపిస్తున్నట్టు. ఆ వేలితో షెడ్డు కత్తి పిడి బిగించి పట్టుకోలేదు. కుడిచేత్తో సీటు అదిమిపెట్టి, ఎడమచేత్తో కొయ్యాలి. అంటే చిన్న మడతకత్తి కావాలి. జేబులోంచి తీసి ఒక్క ఎడమచేత్తోనే తెరవాలి, ఒక్క ఎడమచేత్తోనే మూయాలి. తెరిచాక పని మధ్యలో మడతపడి వేళ్ళు కొరకకుండా లాకు గట్టిగా ఉండాలి.

మొదట చూపించిన రెండిటికీ బ్లేడు పక్కన గోరు పెట్టి లాగే చిన్న గాడి ఉంది. వాటిని తెరవాలంటే రెండు చేతులు కావాలి. ఇంకోదానికి తెరిచే బొడిపె ఒక్క వైపే ఉంది, అదీ కుడిచేతివాళ్ళ వైపు. మరోటి బాగానే తెరుచుకుంది కానీ లాకు పిడి లోపలెక్కడో ఉంది. దాన్ని ఎడమచేత్తో నొక్కబోతే చూపుడువేలు బ్లేడు దారిలోకి వస్తోంది. ఇంకో వేలు కూడా పోగొట్టుకోవాలనుంటే అది కొనుక్కోవచ్చు. మధ్యలో ఒకసారి కొట్టువాడు గొంతు తగ్గించి, అటూ ఇటూ చూసి, బటన్ నొక్కితే టప్పున ఎగిరి తెరుచుకునే కత్తి తీశాడు.

"ఇదెవరికి? దారి కాచేవాళ్ళకా? జేబులో అది పెట్టుకుని షెడ్డు గేటు దాటనిస్తారా నన్ను?" అని ఆమె కసిరింది.

దాని తరవాతే గులాబీ రంగుది వచ్చింది.

"లోపల ఇంకో పెట్టె ఉందమ్మా, చూసొస్తా," అని కొట్టువాడు తెర తీసుకుని వెనక గదిలోకి పోయాడు. అతను వెళ్ళిన తీరు చూస్తే పెట్టె కోసం కంటే ప్రాణం కుదుటపరుచుకోవడానికి వెళ్ళినట్టే ఉంది.

"అమ్మాయ్, ఇందాక షెడ్డుకెళ్ళొచ్చావు కదా. ఆ సూపర్వైజరు ఏదో కాగితం ఇచ్చాడన్నావు, ఏంటది?" అన్నారు మామగారు.

"ప్రమాదం ఎలా జరిగిందో రాసిన రిపోర్టంట మామయ్యా. రేపు పనిలోకొచ్చేటప్పుడు సంతకం పెట్టి తెమ్మన్నాడు. నేను చెప్పిందే రాశాడంట. సంతకం పెట్టకపోతే కోత బల్ల ఇవ్వనన్నాడు."

"పెట్టే ముందు చదివావా?"

చదవలేదు. ఈ కత్తి గొడవలో పడి సంచిలోనే ఉంచేసింది. మామగారు కళ్ళజోడు తెచ్చుకోలేదు కనక పైకి చదవమన్నారు. ఆమె కాగితం విప్పి చదివింది. తేదీ, బల్ల నంబరు, ఏ చెయ్యి, ఏ వేలు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కింద ఒక్క వాక్యం మిగిలింది.

"పై కార్మికురాలు తన మొండితనం వల్లే ఈ ప్రమాదం జరిగినట్టు స్వయంగా ఒప్పుకున్నది."

ఆమె ఆ వాక్యం ఇంకోసారి చదివింది.

మామగారు మళ్ళీ నవ్వారు. "అందులో అబద్ధం ఏముందమ్మాయ్! నువ్వు మొండిదానివే కదా."

ఇంట్లో ఆమె పేరు మొండిఘటం. పెళ్ళయిన కొత్తలో గోడకు మేకు తనే కొడతానని పట్టుబట్టి, గోడ పెచ్చు మొత్తం ఊడగొట్టి, అయినా సరే ఆ మేకు అక్కడే దిగేదాకా వదలని రోజున ఆ పేరు పెట్టింది ఈ మామగారే. ముద్దుగానే పెట్టారు. కానీ ఈవేళ ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. షెడ్డు అనుకుంటే అనుకుంది, ఇంట్లోవాళ్ళు కూడా అదే అనుకుంటారన్నమాట.

"మామయ్యా, నేను మొండితనం అనలేదు. మొండి అన్నాను," అంది.

"రెంటికీ తేడా ఏంటమ్మా?"

"మొండి అంటే మా షెడ్డులో కత్తి పేరు!"

అంతా వరసపెట్టి చెప్పింది. ఆమె బల్ల దగ్గర వాడే పాత కత్తికి పదును పోయి ఏడాది దాటింది. పట్టీ మీద పెడితే తెగదు, జారుతుంది. అందుకని కోత పనివాళ్ళంతా దాన్ని మొండి అనేవారు. "మొండి ఇటివ్వు", "మొండి ఎక్కడ పెట్టావు", ఇదే మాట పొద్దస్తమానం. సూపర్వైజరు కూడా అనేవాడు. సాన పట్టించమని ఆమె మూడుసార్లు అడిగింది. మొదటిసారి "చూద్దాం" అన్నాడు. రెండోసారి విననట్టు పోయాడు. మూడోసారి "పదును కత్తికి కాదు, కోసే చేతికి ఉండాలి" అని నలుగురిలో నవ్వించాడు. ఆ మాటన్న పదకొండో రోజున కత్తి జారింది.

ఆస్పత్రిలో కట్టు కట్టిన చేత్తో, నొప్పికి పళ్ళ బిగువున మూలుగుతూ ఆమె పడుకుని ఉంటే సూపర్వైజరు ఫోన్ చేశాడు. ఎలా జరిగింది అని అడిగాడు. ఆమె చెప్పింది, "మొండి వల్లే సార్. అంతా మొండి వల్లే." ఒకటికి రెండుసార్లు చెప్పింది. అవతలి నుంచి "సరే, రాసుకుంటాను" అన్నాడు. అలా రాసుకున్నాడు మహానుభావుడు!

"ఆ వేలు వంగాలంటే ఇంకో ఆపరేషన్ చెయ్యాలని డాక్టరు చెప్పింది కదా మామయ్యా. షెడ్డు వల్ల తగిలిన దెబ్బయితే షెడ్డే చేయిస్తుంది. నా మొండితనం వల్ల తగిలిందని నేనే సంతకం పెడితే మొండిచెయ్యి చూపిస్తారు. సంతకం పెడితే వేలు పోయినట్టే. పెట్టకపోతే పని పోయినట్టే."

మామగారు మోకాళ్ళ మీద రెండు చేతులూ బోర్లా పెట్టుకుని, ఆ చేతులకేసే చూస్తూ కూర్చున్నారు.

"నలభై ఏళ్ళలో పదును లేని కత్తి ఒక్కరోజు కూడా ఎవరి గడ్డం మీదా పెట్టలేదమ్మా," అన్నారు చివరికి. "పదునున్న కత్తి మనం చెప్పిన చోటికి పోతుంది. మొండి కత్తి జారి, దానికి తోచిన చోటికి పోతుంది. ఇంత తెలిసినవాణ్ణి, నిన్ను ఒక్కమాట అడగలేదు. నువ్వే తొందరపడుంటావని ఇంట్లో కూర్చుని అనుకున్నాను. తప్పయిందమ్మా."

ఆయన అంత మాట అనేసరికి ఆమెకు ఏడుపొచ్చింది. ఏడుపు రావడం మీద మళ్ళీ కోపమొచ్చింది. కొంగుతోనో రుమాలుతోనో తుడుచుకునే ఓపిక లేక కాగితం పట్టుకున్న చేత్తోనే కళ్ళు తుడిచేసుకుంది.

తెర పక్కన కొట్టువాడు పెట్టె పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో. ఈసారి అతను మామగారి వైపు చూడలేదు.

"ఏ చేత్తో వాడతారమ్మా?" అని ఆమెనే అడిగాడు.

గంట నుంచి అడగవలసిన ప్రశ్న ఇప్పటికి అడిగాడు. ఆమె ఎడమచెయ్యి చూపించింది.

అతను పెట్టె పక్కన పెట్టేసి, కింది అరలోంచి నల్ల పిడి ఉన్న కత్తి ఒకటి తీశాడు. అందమూ చందమూ ఏమీ లేదు. బ్లేడు మూడు వేళ్ళ వెడల్పుకి కాస్త ఎక్కువ పొడవుంటుంది. బ్లేడు మొదట్లో గుండ్రటి రంధ్రం ఉంది. ఏ చేతి బొటనవేలైనా ఆ రంధ్రంలో ఆనించి తోస్తే చాలు, తెరుచుకుంటుంది. లాకు పిడి వీపున ఉంది. దానికి కుడీ ఎడమా లేవు.

ఆమె తీసుకుని తెరిచింది. టక్కుమంది. మూసింది. మళ్ళీ తెరిచింది. అలా ఇరవైసార్లు తెరిచి మూసింది. మామగారు కత్తి అందుకుని, ముంజేతి మీద నాలుగు నెరిసిన వెంట్రుకలు గీసి చూసుకున్నారు. వెంట్రుకలు లేచొచ్చాయి.

"బాగుంది. కానీ పట్టీ మీద చూడు," అన్నారు.

కొట్టువాడు సరుకు పెట్టెలకు కట్టొచ్చిన మందపాటి నైలాను పట్టీ ముక్క వెతికి తెచ్చాడు. ఆమె కుడి అరచేత్తో దాన్ని బల్లకు అదిమి, ఎడమచేత్తో ఒక్క లాగు లాగింది. పట్టీ రెండు ముక్కలైంది. మూడు నెలల్లో మొదటిసారి ఆమె గుండె నిండా ఊపిరి తీసుకుంది.

మర్నాడు పొద్దున్న ఏప్రన్ జేబులో కత్తి వేసుకుని షెడ్డుకు వెళ్ళింది. మిషన్ల మోత, రెక్సిన్ వాసన, కాళ్ళకు అడ్డుపడే స్పాంజి తుక్కు, అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. ఆమె బల్ల పక్క బల్ల దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె సీటు మీదకు వంగి, ఆపసోపాలు పడుతూ పట్టీ కోస్తోంది. ఆ అమ్మాయి చేతిలో ఉన్నదేమిటో చూసేసరికి ఆమెకు కోపం నషాళానికి అంటింది. అది మొండి. సాక్షాత్తూ అదే. పిడికి చుట్టిన అదే నీలం టేపు. ఒక మనిషి వేలు తీసుకున్నాక కూడా దాన్ని సాన పట్టించలేదు. తుడిచి ఇంకో మనిషి చేతికిచ్చారు.

సూపర్వైజరు తన అద్దాల గదిలోంచి బయటికొచ్చాడు.

"వచ్చావా? కత్తి తెచ్చుకున్నావా? కాగితం ఏదీ?"

ఆమె కాగితం తీసి బల్ల మీద పరిచింది. "ఇక్కడ మొండితనం అని రాశారు సార్. నేను అలా చెప్పలేదు."

"ఫోన్లో నువ్వే అన్నావు కదా, మొండి వల్లే అని. రెండుసార్లు అన్నావు."

"మొండి అన్నాను. ఆ 'తనం' మీరు తగిలించారు."

"ఒక్క మాట అటూ ఇటూ అయితే కొంప మునుగుతుందా? సంతకం పెట్టి పని చూసుకో."

"నా వేలు మునుగుతుంది సార్." ఆమె పక్క అమ్మాయి చేతిలోంచి కత్తి తీసుకుని అతని ముందు పెట్టింది. "దీన్ని షెడ్డులో ఏమంటారు?"

చుట్టూ మిషన్లు ఒక్కొక్కటే ఆగుతున్నాయి. ఎవరో వెనకనుంచి "మొండి" అన్నారు. ఇంకెవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతో సూపర్వైజరు మొహం కందిపోయింది.

"ఈ కత్తికేం రోగం? లక్షణంగా ఉంది. చేతకానివాళ్ళకి ఏ కత్తిచ్చినా ఇంతే," అంటూ దాన్ని అందుకున్నాడు. పక్క బల్ల మీదున్న సీటు పట్టీని ఎడమచేత్తో అదిమిపట్టి, కత్తి ఆనించి లాగాడు. పట్టీ మడతపడింది కానీ తెగలేదు. మళ్ళీ లాగాడు. అందరూ చూస్తున్నారు. ఈసారి ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి, భుజం వంచి, కత్తి మీద వాలాడు. అతని ఎడమ బొటనవేలు పట్టీ అంచున, కత్తి మొన ఎదురుగా ఉంది.

"చెయ్యి తియ్యండి సార్!"

ఆమె గట్టిగా అరిచింది. ఆ అరుపుకు అతను ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అదే క్షణంలో కత్తి పట్టీ మీదనుంచి సర్రున జారి, వేలున్న చోట సీటు చెక్కలోకి దిగబడింది.

సూపర్వైజరు తన చేతిని ఛాతీకి ఆనించుకుని, వేళ్ళన్నీ ఉన్నాయా లేవా అని చూసుకుంటున్నాడు.

ఈ మూడు నెలల్లో, ఈ మనిషి చెయ్యి కూడా ఇలాగే తెగితే తెలిసొస్తుందని ఆమె ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు. రాత్రీ పగలూ అనుకుంది. తీరా తెగబోయే క్షణం వచ్చేసరికి నోరు ఊరుకోలేదు. తన నోటి మీద తనకే పట్టరాని కోపమొచ్చింది.

"ఆ రోజు ఈ మాట నాకు అరిచి చెప్పడానికి ఎవరూ లేరు సార్," అంది. "కానీ అంతకుముందు మీకు మూడుసార్లు నేను చెప్పాను. ఇప్పుడు రాయండి."

అతను పెన్ను తీశాడు. 'తన మొండితనం' కొట్టేసి పైన 'మొండి కత్తి' అని రాశాడు.

"షెడ్డు ఇచ్చిన మొండి కత్తి," అంది ఆమె.

అదీ రాశాడు.

"సాన పట్టించమని మూడుసార్లు అడిగినా పట్టించని."

అతను తలెత్తి చుట్టూ చూశాడు. ఏ ఒక్కరి తలా కిందికి దిగలేదు. రాశాడు, పక్కన పొట్టి సంతకం కూడా చేశాడు. ఆమె ఎడమచేత్తో, బడిలో చేరిన కొత్తలో రాసినంత వంకర అక్షరాలతో తన సంతకం పెట్టింది. రాయడానికి చాలాసేపు పట్టింది. ఆమె తొందరపడలేదు, అతన్నీ తొందరపడనివ్వలేదు.

"అయింది కదా? ఇక చాల్లే. అందరూ పనులు చూసుకోండి," అని సూపర్వైజరు గొంతు సవరించుకున్నాడు. చెక్కలో దిగిన కత్తిని ఊడబెరికాడు. ఊడబెరికి, పట్టీ తెగకుండా అలాగే ఉన్న సీటుకేసి ఒకసారి చూసి, ఆ కత్తిని పక్క బల్ల అమ్మాయి వైపు చాచాడు.

"ఊఁ, కానీ. లేటవుతోంది."

మనిషికి సిగ్గు ఉండొద్దూ! ఆమె నోరు తెరవబోయింది. అంతలో ఆ అమ్మాయి రెండు చేతులూ ఏప్రన్ జేబుల్లో పెట్టేసుకుంది. చేరి రెండు నెలలైంది, ఇంతవరకూ అతని ముందు పెదవి విప్పిన పిల్ల కాదు. ఇప్పుడు కూడా భయంతో గొంతు పీలగా వచ్చింది.

"సాన పట్టించి ఇవ్వండి సార్," అంది.

సూపర్వైజరు పక్కనున్నవాడి వైపు కత్తి చాచాడు. అతనూ చేతులు కట్టుకున్నాడు. ఆమె తన కొత్త కత్తి జేబులోంచి తీయలేదు, వెళ్ళి తన బల్ల దగ్గర కూర్చుంది. మిషన్లు మళ్ళీ ఒక్కటీ కదల్లేదు. అతను కత్తి పట్టుకున్న చెయ్యి చాచుకుని అక్కడే నిలబడ్డాడు.